బెంగళూరు నుంచి విజయవాడకు విమానంలో: దూరం ఎంత, టైమ్ ఎంత, గడప నుంచి గడపకు లెక్క ఎలా వేయాలి

"గంటంపావే కదమ్మా, రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటా" అని మారతహళ్లి నుంచి ఫోన్ చేసి చెప్పాను. శుక్రవారం సాయంత్రం. టికెట్ మీద 7.10కి బయల్దేరి 8.25కి దిగుతుందని ఉంది. విమానం యాభై నిమిషాలు ఆలస్యం అయింది. లగేజీ వచ్చి, క్యాబ్ దొరికి, పటమటలో మా ఇంటి గేటు తీసేసరికి 10.25. అమ్మ ఎనిమిదింటికే షుగర్ మాత్ర వేసుకుని, నేను వచ్చాక కలిసి తిందామని కూర్చుంది. టేబుల్ మీద రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. పప్పుచారు రెండోసారి వెచ్చబెడుతుంటే ఆమె చేతిలో గరిటె వణుకుతోంది. గబగబా చక్కెర నీళ్లు కలిపి తాగించాను.

విమానం ఆలస్యం కాకపోయినా నేను చెప్పిన మాట తప్పేది. ఎందుకంటే నేను చెప్పింది విమానం లెక్క, మా ఇంటి లెక్క కాదు. ఆ తర్వాత ప్రతి ప్రయాణంలోనూ ఫోన్‌లో టైములు రాసుకోవడం మొదలుపెట్టాను. బెంగళూరులో ఉంటూ నెలకో, రెండు నెలలకో ఊరికి వెళ్లివచ్చే మనవాళ్లందరికీ ఈ లెక్క పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉదాహరణకు విజయవాడను తీసుకున్నా, పద్ధతి ఏ ఊరికైనా ఇదే.

1. ముందు ఏ దూరమో తేల్చుకోండి

బెంగళూరు–విజయవాడ దూరం అని వెతికితే ఒకచోట 498 అని, ఇంకోచోట 512 అని, మరోచోట 309 అని, 269 అని కనిపిస్తాయి. మ్యాప్ తెరిస్తే 640 దాటుతుంది. ఇవన్నీ నిజమే. కొలిచిన చోట్లు వేరు, కొలమానాలు వేరు.

దేవనహళ్లి విమానాశ్రయం నుంచి గన్నవరం విమానాశ్రయానికి తిన్నగా గీత గీస్తే దాదాపు 498 కిలోమీటర్లు. దాన్నే మైళ్లలో చెబితే 309. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో 269, ఎందుకంటే ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. బెంగళూరు నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ నుంచి విజయవాడ నగరం నడిబొడ్డుకు గీత గీస్తే 512 వరకు వస్తుంది. దేవనహళ్లి బెంగళూరుకు ఉత్తరాన ఉంది కాబట్టి విమానం మన ఊరి వైపు కాస్త ముందుకు జరిగి బయల్దేరుతుందన్నమాట. ఇక రోడ్డు దూరం చిత్తూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా వెళ్లినా వేరే దారిన వెళ్లినా 640 కిలోమీటర్లకు పైనే.

విమానం టైమ్ అంచనాకు పనికొచ్చేది మొదటిది, అంటే విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి ఉన్న దూరం. టికెట్ ధర చూసేటప్పుడో, కారులో వెళ్లే ఖర్చుతో పోల్చేటప్పుడో ఈ అంకెల్ని కలిపేసుకోవద్దు.

2. ఆ దూరాన్ని మీరే లెక్క కట్టండి

ఇది బడిలో నేర్చుకున్న కర్ణం లెక్కే. కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. ఒకసారి దాని చేతే చేయించాను, ఐదు నిమిషాల్లో అయిపోయింది.

మ్యాప్‌లో విమానాశ్రయం మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశ, రేఖాంశాలు వస్తాయి. దేవనహళ్లి 13.20 ఉత్తరం, 77.71 తూర్పు. గన్నవరం 16.53 ఉత్తరం, 80.80 తూర్పు.

అక్షాంశాల తేడా 3.33 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణిస్తే 370. అంటే ఉత్తరంగా 370 కిలోమీటర్లు.

రేఖాంశాల తేడా 3.09 డిగ్రీలు. ఇక్కడ కొంచెం జాగ్రత్త. భూమధ్యరేఖ దగ్గర రేఖాంశం డిగ్రీకి కూడా 111 కిలోమీటర్లే కానీ, పైకి వెళ్లే కొద్దీ గీతలు దగ్గరవుతాయి. మన రెండు ఊళ్ల నడుమ ఉన్న 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ అంటే 107.5 కిలోమీటర్లు. గుణిస్తే 332. అంటే తూర్పుగా 332 కిలోమీటర్లు.

370ని 370తో, 332ని 332తో గుణించి, రెండూ కూడి, వర్గమూలం తీయండి. 497 వస్తుంది. అసలు దూరానికి ఒక్క కిలోమీటరే తేడా. వెయ్యి కిలోమీటర్ల లోపు ఊళ్లకు ఈ లెక్క హాయిగా సరిపోతుంది. ఢిల్లీ, దుబాయ్ లాంటి దూరాలకు మాత్రం భూమి గుండ్రంగా ఉండటం వల్ల తేడా పెరుగుతుంది.

ఇలాగే చేస్తే దేవనహళ్లి నుంచి శంషాబాద్ 456, రాజమండ్రి 620, విశాఖ 776, తిరుపతి 204 కిలోమీటర్లు వస్తాయి.

3. దూరాన్ని టైముగా మార్చండి

టికెట్ మీద ఉన్న రెండు టైముల మధ్య తేడాను విమానాల వాళ్లు బ్లాక్ టైమ్ అంటారు. చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, గన్నవరంలో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టే దాకా. రన్‌వే వరకు మెల్లగా వెళ్లడం, వరుసలో ఆగడం, దిగాక మళ్లీ మెల్లగా రావడం అన్నీ ఇందులోనే ఉంటాయి. బెంగళూరులో 2019 చివర్లో రెండో రన్‌వే వచ్చాక వరుసల బాధ కొంత తగ్గింది కానీ, ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో వరుస తప్పదు. నిజంగా గాలిలో ఉండేది గంటలోపే.

నేను వాడే సూత్రం ఇది. ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ అయితే కిలోమీటర్లను 13తో భాగించి 30 కలపండి. 498ని 13తో భాగిస్తే 38, దానికి 30 కలిపితే 68 నిమిషాలు. విమాన సంస్థలు ఆలస్యాలకు కాస్త జాగా పెట్టుకుంటాయి కాబట్టి టికెట్ మీద గంటా పది నుంచి గంటా ఇరవై దాకా కనిపిస్తుంది. రెక్కలకు పంకాలున్న ఏటీఆర్ అయితే దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల దరిదాపు. అప్పుడు 498కి గంట, పైన అర్ధగంట, మొత్తం గంటన్నర. టికెట్ కొనేటప్పుడు ఏ విమానమో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి.

జెట్ గంటకు 800 కిలోమీటర్ల పైన వెళ్తుంది కదా, 500 కిలోమీటర్లకు నలభై నిమిషాలు చాలు కదా అని చాలామంది అడుగుతారు. ఆ వేగం పైకి చేరాక వచ్చేది. ఈ దారిలో పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ పోగా, నిండు వేగంతో వెళ్లేది మధ్యలో కొద్దిసేపే. టీ కప్పు చేతికి వచ్చి, ఖాళీ కప్పు తీసుకెళ్లేలోపు దిగడం మొదలవుతుంది.

గాలి సంగతి కూడా ఒక మాట. వానాకాలంలో మన దక్షిణాది మీద కింద పడమటి గాలి, బాగా పైన తూర్పు గాలి వీస్తాయి. ఆ పైన వీచే బలమైన తూర్పు గాలి గురించి 1958లో వివరించింది వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. జులై, ఆగస్టుల్లో జెట్‌లో విజయవాడ వెళ్లేటప్పుడు ఈ గాలి ఎదురు, తిరిగి వచ్చేటప్పుడు తోడు. ఇంత చిన్న దూరంలో తేడా కొద్ది నిమిషాలే, లెక్కలో వేసుకోనక్కర్లేదు.

4. బెంగళూరు వైపు లెక్క

మన టైమ్ అంతా పోయేది ఇక్కడే. దేవనహళ్లిలోని ఈ కెంపేగౌడ విమానాశ్రయం 2008 మేలో మొదలైంది. అంతకుముందు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని హెచ్ఏఎల్ విమానాశ్రయం వాడేవాళ్లు. మారతహళ్లి, ఇందిరానగర్ వాళ్లకు అది గుమ్మం ముందే ఉన్నట్టు. దేవనహళ్లి అలా కాదు. ఎంజీ రోడ్డు నుంచే 35 కిలోమీటర్లు, మారతహళ్లి నుంచి 40 చిల్లర, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి 55 దాకా.

కిలోమీటర్లను నమ్మొద్దు, గడియారాన్ని నమ్మండి. నేను రాసుకున్న టైములు చెబుతాను. మారతహళ్లి నుంచి తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరితే 55 నిమిషాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు గంటా ఇరవై. శుక్రవారం సాయంత్రం 4.30కి రెండు గంటలా పది. అదే రోడ్డు, అదే దూరం. ఆ సాయంత్రం హెబ్బాళ ఫ్లైఓవర్ కిందే ముప్పై ఐదు నిమిషాలు నిలబడ్డాం. ముందున్న బస్సు వెనక అద్దం మీద దుమ్ములో ఎవరో పిల్లలు వేలితో పూలు గీశారు. ఒక్కో పువ్వుకు ఎన్ని రేకులున్నాయో లెక్కపెట్టేంత టైమ్ దొరికింది. హెబ్బాళ దాటాక రోడ్డు తెరుచుకుంటుంది, యలహంక, సాదహళ్లి టోల్ గేటు మీదుగా అరగంటలో చేరిపోతాం.

వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ఉన్నవాళ్లకు హెబ్బాళ తాకకుండా బూదిగెరె మీదుగా వెళ్లే దారి ఉంది. సాయంత్రం వేళ నాకు అదే నయం అనిపిస్తుంది. రాత్రిపూట ఒంటరిగా వెళ్లేవాళ్లకు మాత్రం పెద్ద రోడ్డే మంచిదంటాను.

క్యాబ్ కాకపోతే బెంగళూరు సిటీ బస్సుల సంస్థ బీఎంటీసీ నడిపే వాయువజ్ర బస్సులున్నాయి. మెజెస్టిక్ నుంచి కేఐఏ-9, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కేఐఏ-8. ఏసీ, లగేజీ పెట్టుకునే జాగా, క్యాబ్ ధరలో చిన్న భాగం. నెలనెలా ఊరెళ్లేవాళ్లు వీటిని అలవాటు చేసుకుంటే ఏడాదికి మిగిలే డబ్బు తక్కువేమీ కాదు. ఎక్కే స్టాప్‌లో పావుగంట ఎదురుచూపు మాత్రం లెక్కలో కలుపుకోండి. విమానాశ్రయానికి మెట్రో పని జరుగుతోంది. అది నడవడం మొదలయ్యాక ఈ భాగమంతా మళ్లీ రాసుకోవాలి.

బేసి సంఖ్య సంవత్సరాల్లో ఫిబ్రవరిలో వెళ్తుంటే ఇంకో జాగ్రత్త. యలహంకలో ఏరో ఇండియా ప్రదర్శన జరిగే రోజుల్లో, యుద్ధ విమానాల విన్యాసాల కోసం కొన్ని గంటలపాటు మన విమానాల టైములు మారుతాయి. 2023లో, 2025లో ఇలాగే జరిగింది. ఆ వారం టికెట్ ఉంటే విమాన సంస్థ పంపే మెసేజ్‌లు తప్పకుండా చూసుకోండి. రోడ్డు మీద కూడా ఆ రోజుల్లో రద్దీ ఎక్కువ.

5. విమానాశ్రయం లోపల

టెర్మినల్ 2లో దేశీయ విమానాలు 2023 జనవరిలో మొదలయ్యాయి. ఏ విమానం ఏ టెర్మినలో టికెట్ మీదే ఉంటుంది. క్యాబ్ ఎక్కేటప్పుడే డ్రైవర్‌కు చెప్పండి. తప్పు గుమ్మం ముందు దిగితే పది పదిహేను నిమిషాలు, పెద్దవాళ్లు తోడుంటే ఇంకా ఎక్కువ పోతాయి.

దేశీయ ప్రయాణానికి చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా బయల్దేరే టైముకు 60 నిమిషాల ముందు మూసేస్తారు. గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. మీరు వెనక్కి లెక్కించాల్సింది విమానం కదిలే టైము నుంచి కాదు, కౌంటర్ మూసే టైము నుంచి. పెట్టె వేసేది ఉంటే గంటా నలభై ఐదు నిమిషాల ముందు, చేతి సంచి మాత్రమే ఉంటే గంటా పదిహేను ముందు గుమ్మం దగ్గర ఉండాలన్నది నా లెక్క. పండగ ముందు రోజుల్లో దీనికి అరగంట కలపండి. డిజియాత్ర బెంగళూరులో 2022 డిసెంబరు నుంచి ఉంది, గన్నవరంలోనూ ఉంది. ముఖం చూపించి లోపలికి వెళ్లిపోవచ్చు. ఇంట్లో ఉండగానే నమోదు చేసుకోండి, గుమ్మం ముందు నిలబడి కాదు.

చేతి సంచి 7 కిలోలు, లోపల వేసే పెట్టె 15 కిలోలు దాటకుండా చూసుకోండి. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఇచ్చే ఆవకాయ జాడీ చేతి సంచిలో వద్దు. నూనె కారేవి సెక్యూరిటీ దగ్గర ఆపితే అక్కడే వదిలి రావాలి, అది చాలా బాధ. రెండు కవర్లు చుట్టి, మూతకు టేపు వేసి, పాత తువ్వాలులో పెట్టి పెట్టెలో వేయండి. ఎండుకొబ్బరి మాత్రం పెట్టెలోనూ తీసుకోరు. నూనె ఎక్కువ కాబట్టి మంటకు అంటుకునే వస్తువుగా లెక్కిస్తారు.

6. గన్నవరం వైపు

దేవనహళ్లి సముద్రమట్టానికి 915 మీటర్ల ఎత్తు. గన్నవరం 25 మీటర్లే. చంటిపిల్లలుంటే దిగేటప్పుడు చెవులు నొప్పెడతాయి. దిగడం మొదలవగానే పాలు పట్టడమో, నీళ్లు తాగించడమో చేయండి. మే నెలలో అయితే మెట్లు దిగగానే వేడి గాలి మొహానికి కొడుతుంది. బెంగళూరు ఏసీ క్యాబ్‌లో వేసుకున్న స్వెట్టర్ ముందే తీసేయండి.

చిన్న విమానాశ్రయం కాబట్టి పెట్టె వస్తే ఇరవై నిమిషాల్లో బయటపడతాం. అక్కడి నుంచి విజయవాడ నగరం 20 కిలోమీటర్లు. బెంజ్ సర్కిల్‌కు మామూలుగా నలభై నిమిషాలు, రామవరప్పాడు రింగు దగ్గర ఆగితే గంట. ఏలూరు, హనుమాన్ జంక్షన్ వైపు వెళ్లేవాళ్లు ఊళ్లోకి రానక్కర్లేదు, గేటు ముందున్న జాతీయ రహదారి మీద తిన్నగా వెళ్లిపోవచ్చు. గుడివాడ వాళ్లకూ ఇదే దగ్గర. గుంటూరు వాళ్లు మాత్రం విజయవాడ దాటాలి కాబట్టి గంటన్నర వేసుకోండి.

7. పొగమంచు, వాన

డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున దేవనహళ్లిలో పొగమంచు దట్టంగా పడుతుంది. గన్నవరంలోనూ అంతే, చుట్టూ కాలవలూ పొలాలే. అక్కడ దిగలేక విమానాలు పైన చుట్లు కొట్టడం, కొన్నిసార్లు హైదరాబాద్ వెళ్లిపోవడం జరుగుతుంది. సంక్రాంతికి వెళ్లేవాళ్లకు నా సలహా ఒకటే. అతి ఉదయం విమానం వద్దు, తొమ్మిది దాటాక బయల్దేరేది తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో దీనికి తిరగేసి. బెంగళూరులో సాయంత్రం ఉరుముల వాన పడుతుంది కాబట్టి అప్పుడు ఉదయం విమానమే నయం.

8. ఇప్పుడు మొత్తం కలపండి

మారతహళ్లి నుంచి పటమటకు, శనివారం ఉదయం విమానానికి నా లెక్క ఇది. ఇంటి నుంచి దేవనహళ్లి గంటా పది. లోపల గంటా నలభై ఐదు. విమానం గంటంపావు. పెట్టె, బయటకు రావడం ఇరవై ఐదు నిమిషాలు. ఇంటికి నలభై ఐదు. మొత్తం ఐదు గంటలా ఇరవై నిమిషాలు. శుక్రవారం సాయంత్రమైతే మొదటి అంకెకు ఇంకో గంట కలపాలి.

రాత్రి బస్సు మడివాల నుంచో, కేఆర్ పురం నుంచో ఎక్కితే పదకొండు, పన్నెండు గంటలు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో అయితే హిందూపురం, ధర్మవరం, నంద్యాల, గుంటూరు మీదుగా ఇంకా ఎక్కువ. కానీ బస్సులో నిద్రపోయే టైమ్‌లోనే ప్రయాణం అయిపోతుంది. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి బస్సెక్కితే శనివారం ఉదయం టిఫిన్‌కు ఇంట్లో ఉంటారు. శనివారం ఉదయం విమానానికి మూడున్నరకు లేచినా దాదాపు అదే వేళకు చేరతారు. నడుం నొప్పి లేని పాతికేళ్ల వాళ్లకు బస్సే మంచిదని నేను నిజంగా నమ్ముతాను. అమ్మానాన్నల్ని తీసుకొస్తుంటే, లేదా ఆసుపత్రి పని మీద వెళ్తుంటే విమానం ఖర్చు గురించి ఆలోచించకండి.

తిరుపతికి ఇదే లెక్క వేసి చూడండి. విమానం దూరం 204 కిలోమీటర్లే, గాలిలో అరగంట. కానీ మిగతావన్నీ అలాగే ఉంటాయి. మారతహళ్లి నుంచి కారులోనో బస్సులోనో తిన్నగా వెళ్లినవాళ్లే ముందు చేరతారు. విశాఖకు మాత్రం విమానానికి సాటి లేదు.

9. బ్లాక్ టైమ్‌తో మీ హక్కు ముడిపడి ఉంది

ఇది చాలామందికి తెలియదు. ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే, విమాన సంస్థల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఇచ్చే పరిహారం బ్లాక్ టైమ్‌ను బట్టి ఉంటుంది. గంట వరకు అయితే 5,000, గంట నుంచి రెండు గంటల వరకు 7,500, ఆపైన 10,000 రూపాయలు. లేదా మీరు కట్టిన మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. విజయవాడ విమానం రెండో వరుసలోకి వస్తుంది. వాతావరణం లాంటి చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. రెండున్నర గంటల లోపు విమానం రెండు గంటలు, ఆపైన ఆలస్యమైతే తినడానికి ఇవ్వాలి. కౌంటర్‌లో అడగండి, మొహమాటపడొద్దు. షుగర్ ఉన్నవాళ్లు తోడుంటే ఆ సంగతీ చెప్పండి.

10. ఇంట్లో ఏం చెప్పాలి

లెక్క వేశాక వచ్చిన టైముకు ఇంకో గంట కలిపి ఇంట్లో చెప్పండి. నేను ఇప్పుడు అమ్మకు విమానం టైమ్ చెప్పడం మానేశాను. రాత్రి విమానమైతే "నువ్వు ఎనిమిదింటికి తినేసి పడుకో, తాళంచెవి నా దగ్గర ఉంది, పెరుగన్నం ఫ్రిజ్‌లో పెట్టు" అని మెసేజ్ పెడతాను. గన్నవరంలో క్యాబ్ ఎక్కాక ఒకటి, రామవరప్పాడు దాటాక ఒకటి పంపుతాను. పోయిన నెల 10.40కి గేటు తీశాను. హాల్లో లైటు వెలుగుతోంది, అమ్మ నిద్రపోతోంది. టేబుల్ మీద ఒకే కంచం ఉంది.